గీత పక్కన నీడలు

"గుండీ! ఏయ్ గుండీ! కొట్లో ఉన్నావా, మళ్ళీ ఏదైనా మింగావా?"

కేక ముందొచ్చింది, మనిషి వెనకాల వచ్చాడు. ఆయనెప్పుడూ అంతే. వారమంతా చేపల లారీ నడుపుతాడు. ఫుట్‌బాల్ ఆట రోజున ఉత్తరం వైపు స్టాండులో పైమెట్టు మీద నిలబడి నినాదం ఎత్తుకుంటాడు. ఊరంతా ఆయన్ని గొంతు అనే పిలుస్తుంది. కన్నతల్లి పెట్టిన పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

"ఊఁ" అంది గుండీ. అంతకంటే ఎక్కువ అనడానికి లేదు, నోటినిండా గుండుసూదులున్నాయి.

స్టేడియం ఉత్తరపు గేటు ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు ఆమె మేనమామది. చిన్నప్పుడు ఆమె కోటు గుండీ ఒకటి మింగేసి, అది బయటికొచ్చేదాకా ఇంటిల్లిపాదినీ కాపలా కూర్చోబెట్టింది. గుండీ అయితే మర్నాడే బయటపడింది గానీ పేరు మాత్రం ఇప్పటిదాకా వదల్లేదు. మామయ్య గుడ్డ కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది. ఆట ముందు రోజుల్లో జెండాల అంచులు, చిరిగిన జెర్సీలు, పిగిలిపోయిన నిక్కర్లు, అన్నీ ఆ మిషను మీదకే వస్తాయి.

గొంతు ఎర్రగుడ్డ చుట్ట బల్ల మీద పడేశాడు. "బ్యానరు. తెల్లక్షరాలు. 'ఛైర్మన్, వెళ్ళు' అని ఉండాలి. ఎల్లుండి ఆటకి కావాలి."

బల్ల అవతల మామయ్య కత్తెర ఆగింది. "ఆ పక్కనున్న నీలంగుడ్డ చూశావా? అది నాది. 'ఛైర్మన్, వెళ్ళకు' అని కుట్టిస్తున్నా. దక్షిణం వైపు స్టాండుకి."

"సిగ్గులేదా బావా నీకు? ఆయన మన క్లబ్బుకొచ్చాక ఒక్క కప్పైనా చూశామా?"

"ఆయన రాకముందు చూశావా? వానొస్తే గొడుగు కింద ఆట చూసేవాళ్ళం. స్టాండుకి పైకప్పు ఎవరేశారు?"

"వేశాడయ్యా, వేశాడు. ఇప్పుడు తడవకుండా కూర్చుని ఓడిపోతున్నాం."

ప్యాంటు అంచు మడిపించుకోడానికొచ్చిన లెక్కల మాస్టారు స్టూలు మీద నిలబడే నవ్వారు. ఆయన ఎవరి వైపూ కాదు. "కప్పులు పెట్టడానికి అద్దాల బీరువా కూడా చేయించాడుగా. ఆలూ లేదు చూలూ లేదు, ఉయ్యాల మాత్రం సిద్ధం."

"అదీ చెప్పండి మాస్టారూ! పైగా కోచ్‌లని చొక్కాలు మార్చినట్టు మారుస్తాడు."

"చొక్కాలైతే ఉతికి మళ్ళీ వేసుకుంటాం" అన్నారు మాస్టారు. "ఈయన ఉతికి ఆరేస్తాడంతే."

మామయ్య తగ్గలేదు. "మార్చాడు, నిజమే. మారిస్తే గెలుస్తామేమోనన్న ఆశతోనే కదా మార్చాడు. ఆశపడటం కూడా తప్పేనా? రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ నీడలన్నిటినీ పలకరించి వస్తాడు. ఏ ఛైర్మన్ చేస్తాడయ్యా అలా?"

దానికి గొంతు కూడా తలూపాడు. నిజం కాబట్టి.

ఆ మైదానంలో తీసేసిన కోచ్‌లు వెళ్ళిపోతారు గానీ నీడలు వెళ్ళవు. తెల్లగీత పక్కన అలాగే ఉండిపోతాయి. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరిగే సన్నటి పొడుగు నీడ మొదటి కోచ్‌ది. గోళ్ళు కొరుక్కునేది ఆ తర్వాతాయనది. టోపీ నేలకేసి కొట్టి మళ్ళీ తీసుకునేది ఇంకొకాయనది. పొద్దున పూట పొట్టిగా బెంచీ కింద సర్దుకుంటాయి, సాయంకాలం ఆటలో సాగి సాగి మధ్య వలయం దాకా వస్తాయి. గడ్డి కోసే ముసలాయన వాటి చుట్టూ తిప్పి కోస్తాడు. లైన్స్‌మన్ పరిగెడుతూ "కాస్త జరగండి సార్" అంటాడు, అవి జరుగుతాయి. పై ఊరి జట్టు ఒకటి ఇది అన్యాయం, గీత పక్కన ఒక్క కోచే ఉండాలి అని ఫిర్యాదు చేసింది. నీడల గురించి రూల్సులో ఏమీ లేదని పైవాళ్ళు చెప్పేశారు. అక్కడితో ఆ సంగతి సద్దుమణిగింది.

ఒక కోచ్ నీడ మాత్రం మైదానంలో దొరకలేదు. ఎంత వెతికినా లేదు. చివరికి ఆయన అద్దెకున్న ఇంటి వెనక మెట్ల మీద కనిపించింది. ఆయన తల్లి చివరి రోజుల్లో ఎండ కాచుకుంటూ కూర్చున్న మెట్లు అవి. మనసు ఎక్కడ ఆగితే నీడ అక్కడ ఆగుతుందని అప్పుడే అందరికీ తెలిసింది. ఇప్పుడా ఇంట్లో ఉంటున్నవాళ్ళు మెట్లు కడిగేటప్పుడు ఆ మెట్టు చివర్న కడుగుతారు.

"సరేగానీ, 'వెళ్ళు' ఏంటయ్యా" అన్నారు మాస్టారు స్టూలు దిగుతూ. "పెద్దమనిషి. 'వెళ్ళండి' అని రాయించు. నువ్వూ అంతే, 'వెళ్ళకండి' అను."

"తిట్టేటప్పుడు అండి ఏంటి మాస్టారూ, తిట్టు పలచనైపోదూ?" అన్నాడు గొంతు.

మామయ్య నీలంగుడ్డ నిమురుతూ అన్నాడు. "కావాలనుకున్న వాళ్ళకీ అండి అక్కర్లేదు మాస్టారూ. అమ్మని అండి అంటామా? వెళ్ళకండి అంటే మర్యాద. వెళ్ళకు అంటే... ప్రాణం."

గుండీ ఆ మాట విని తల వంచుకుంది. 

ఆమె ఒక మనిషిని రోజూ అండి అంటోంది. అదే ఆమె బాధ.

ఆ మనిషిని అందరూ చిన్న కోచ్ అంటారు. పెద్ద కోచ్‌తో పాటు వచ్చిన సహాయకుడు. ప్రాక్టీసుకి కోన్‌లు పేర్చడం, మోకాలు పట్టేసిన కుర్రాళ్ళని భుజం మీద చెయ్యి వేయించుకుని నడిపించడం, గెలిచినప్పుడు ఫొటోలో చివర సగం మాత్రమే పడటం, ఇదీ ఆయన ఉద్యోగం. వచ్చిన కొత్తలో క్లబ్బు కోటు రెండో గుండీ ఊడిందని కొట్టుకొచ్చాడు. ఆమె కుట్టింది. వారం తిరక్కుండా మళ్ళీ ఊడింది. మళ్ళీ కుట్టింది. అప్పట్నుంచి ఆ గుండీ ఊడుతూనే ఉంది, ఆయన వస్తూనే ఉన్నాడు.

వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర పొట్టి స్టూలు మీద కూర్చుంటాడు. ఆమె కుడుతున్నంతసేపూ నేలమీద పడ్డ దారప్పోగులు ఏరి చూపుడువేలికి చుట్టుకుంటూ ఉంటాడు. ఎర్రవీ, నీలంవీ, తెల్లవీ. వెళ్ళేటప్పుడు ఆ రంగుల ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడు. ఎందుకు అని ఆమె అడగలేదు. అడిగితే ఆపేస్తాడేమోనని భయం.

"నీ చేతి గుండీ ఊళ్ళో ఎవరిదీ ఊడదు. ఆ అబ్బాయిది ఒక్కటే ఎందుకూడుతుందే?" అన్నాడు మామయ్య ఒకసారి.

"ఆ కోటు గుడ్డ మంచిది కాదు మామయ్యా."

"గుడ్డదేనా తప్పు?" అని మామయ్య కళ్ళద్దాల మీదుగా చూసి, మళ్ళీ కత్తెర అందుకున్నాడు. "గుండీ ఊడితే కుట్టొచ్చమ్మా. గుండె ఊడితేనే కష్టం."

గొంతూ మాస్టారూ వెళ్ళిపోయాక, ఆ సాయంత్రమే చిన్న కోచ్ వచ్చాడు. కోటు విప్పి ఇచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎల్లుండి ఓడిపోతే మా పెద్దాయన్ని తీసేస్తారంటున్నారండీ" అన్నాడు.

పెద్ద కోచ్ పోతే ఆయన వెంట వచ్చినవాళ్ళూ పోతారు. అది ఆ ఆటలో ఉన్న పద్ధతి. గుండీకి సూదిలో దారం ఎక్కలేదు. తడిపి మళ్ళీ ఎక్కించింది.

"నన్ను మాత్రం ఉండమన్నారు" అన్నాడు ఆయన నేలమీంచి నీలం పోగు ఒకటి తీస్తూ. "పిల్లల జట్టుకి నేర్పేవాళ్ళు లేరట. ఛైర్మన్ గారే పిలిచి అడిగారు. నేనింకా ఏమీ చెప్పలేదు. ఉండటానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ. పెద్దాయన రమ్మంటున్నాడు. ఇక్కడ... ఉండమనేవాళ్ళు ఎవరున్నారు నాకు?"

కిటికీలోంచి వచ్చే ఎండలో ఆయన నీడ ఆమె పాదాల దాకా పడింది. ఆమె పాదం వెనక్కి తీసుకోలేదు.

ఆమె నోట్లో గుండుసూదులున్నాయి. కోటు కుట్టడానికి గుండుసూదులెందుకు? ఎందుకూ అక్కర్లేదు. ఆయన గేటు దాటి వస్తుంటే చూసి, గబగబా నోట్లో పెట్టుకుంది. ఎప్పుడూ అంతే. నోట్లో సూదులుంటే మాట్లాడకపోవడానికి ఒక వంక ఉంటుంది.

"ఊఁ" అంది.

ఆయన కోటు వేసుకున్నాడు. రంగుల ఉంగరం జేబులో పడేసుకున్నాడు. "వస్తానండీ" అన్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. నిలబడి, వెళ్ళాడు.

ఆ తర్వాత ఆమె బ్యానర్లు ముందేసుకుంది. తెల్లగుడ్డలో అక్షరాలు కత్తిరించి ఒక్కొక్కటీ పరిచి చుట్టూ కుట్టు వేసుకుంటూ పోయింది. ముందు నీలం. తర్వాత ఎరుపు. మిషను చప్పుడుకి లోపలి మాట కలిసిపోయి ఒకటే పాటలా నడిచింది. ఎర్రగుడ్డ మడతపెట్టి పక్కన పెట్టేటప్పటికి ఆమె కళ్ళు మసకగా ఉన్నాయి. కుట్టింది చదివి చూసుకోలేదు.

ఆట రోజు వచ్చింది. దక్షిణపు స్టాండులో మామయ్య వాళ్ళు నీలం బ్యానరు విప్పారు. 'ఛైర్మన్, వెళ్ళకు.' చప్పట్లు కొట్టారు. అప్పుడు ఉత్తరపు స్టాండులో గొంతు చెయ్యెత్తాడు, ఎర్రగుడ్డ జలపాతంలా మెట్ల మీదుగా జారింది.

'ఛైర్మన్, వెళ్ళకు.'

బ్యానరు వెనక ఉన్నవాడికి బ్యానరు కనపడదు కదా. గొంతు పైమెట్టు మీద నరాలు పొంగేలా "వెళ్ళు! వెళ్ళు!" అని అరుస్తున్నాడు. ఎదుటి స్టాండంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"చరిత్రలో మొదటిసారి ఈ ఊరు ఒక్క మాట మీదకొచ్చింది" అన్నారు మాస్టారు గుండీ పక్కన కూర్చుని.

 ఎర్రగుడ్డ మీద 'కు' ఎప్పుడు కత్తిరించిందో, ఎప్పుడు కుట్టిందో ఆమెకే తెలియదు. ఆ సాయంత్రం ఆమె చేతులకి వెళ్ళు అనే మాట కుట్టడం రాలేదు, అంతే.

పైన అద్దాల గదిలో ఛైర్మన్ లేచి నిలబడ్డాడు. బట్టతల పెద్దమనిషి. ఎర్ర బ్యానరు చదివాడు. తనని ఎప్పుడూ తిట్టే స్టాండు అది. మళ్ళీ చదివాడు. కూర్చుని జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆటలో చివరి నిమిషాల్లో గోల్ పడి జట్టు ఓడిపోయినప్పుడు కూడా ఆ రుమాలు అలాగే ఉంది. గీత పక్కన నీడలన్నీ ఒక్కసారి తల పట్టుకున్నాయి.

మర్నాడు పొద్దెక్కాక గొంతు కొట్లోకి వచ్చాడు. మామూలుగా కాదు, మెల్లగా. అది చూసి ఇంకా భయం వేసింది.

"ఏం చేశావే గుండీ? నిన్న ఆట అయ్యాక రాజీనామా చేస్తానని ఛైర్మన్ ఇంట్లో చెప్పి వచ్చాడట. వాళ్ళ డ్రైవరు చెప్పాడు. మన బ్యానరు చూసి మానుకున్నాడు. ఉత్తరం వైపువాళ్ళే ఉండమంటే ఎలా వెళ్ళేది అన్నాడట. ఇక తను ఉండాలంటే ఎవరో ఒకరు పోవాలిగా, పెద్ద కోచ్‌ని తీసేశాడు. ఒక్క అక్షరం ఎక్కువ కుట్టి ఒక మనిషిని నిలబెట్టావు, ఇంకో మనిషిని పంపించేశావు!"

"పొరపాటు జరిగింది బాబాయ్" అందామె. కళ్ళు తుడుచుకుంది.

"పోనీలేవే, ఏడవకు. నేను చదివి చూసుకోవద్దూ? నాకూ బుద్ధి లేదు." ఆయన స్టూలు లాక్కోబోయి ఆగాడు. "పెద్ద కోచ్ నీడ అప్పుడే వచ్చేసింది గీత పక్కకి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది పాపం. ఆయన వెంటే పన్నెండింటి బస్సుకి వెళ్తున్న చిన్నాయనది మాత్రం కనపడలేదు. గడ్డి కోసే ముసలాయన బెంచీ కింద కూడా చూశాడు. ఆ అబ్బాయికి ఇక్కడ దేని మీదా మనసు లేదు కాబోలు."

ఆ మాట సూదిలా దిగింది. దేని మీదా లేదు. మరి ఆ రంగుల ఉంగరాలు? ఏమో. దారప్పోగులు అందరూ ఏరతారు.

ఆమె గుండుసూదుల పెట్టె తీసి, నోటినిండా పెట్టుకుని, మిషను ముందు కూర్చుంది.

కాస్సేపటికి ఎండ కిటికీ ఎక్కింది. మామయ్య గుడ్డ పరుచుకుంటూ, వంగి, అలవాటుగా అన్నాడు. "కాస్త జరుగు బాబూ, వెలుతురుకి అడ్డం వస్తున్నావు."

నీడ జరిగింది.

మామయ్య తలెత్తి చూశాడు. కిటికీ దగ్గర పొట్టి స్టూలు ఖాళీగా ఉంది. స్టూలు మీద ఎవరూ లేరు. నేలమీద మాత్రం స్టూలు నీడా, దాని మీద కూర్చున్న మనిషి నీడా ఉన్నాయి. ఆ నీడ వంగి కిందనుంచి ఏదో ఏరింది. ఏరి, చూపుడువేలికి మెల్లగా చుట్టుకుంది. దాని రెండో చెయ్యి సాగి సాగి, మిషను కింద, గుండీ పాదాల దగ్గరికొచ్చి ఆగింది.

కొట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడానికేముంది? గుండీ మాత్రం మిషను ఆపేసింది.

"ఓహో" అన్నాడు మామయ్య. "ఇక్కడ ఆగాడన్నమాట."

"మైదానమంతా వెతికించాం కదయ్యా!" అన్నాడు గొంతు. తర్వాత గుండీ మొహం చూశాడు, నీడని చూశాడు, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో నా తల్లీ. బస్సు పన్నెండింటికి కదూ?"

గుండీ మామయ్య వైపు చూసింది. అనుమతి కోసమో, ధైర్యం కోసమో.

మామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిన్నంతా వద్దు వద్దన్న మాటే ఆయన నోట్లోంచి వచ్చింది.

"ఇంకా చూస్తావేంటే? వెళ్ళు."

చేపల లారీలో ముందు సీట్లో కూర్చుంది. మెళ్ళో కొలతల టేపు అలాగే ఉంది, నోట్లో సూదులూ అలాగే ఉన్నాయి. గొంతు దారి పొడుగునా హారన్ కొడుతూ, "ఛైర్మన్‌ని ఉండమన్నావు సరే, ఆ నోరు ఈయన దగ్గర పెగలదా?" అని తిడుతూ నడిపాడు. బస్టాండు మూల తిరిగేటప్పటికి బస్సు అప్పుడే కదులుతోంది.

గొంతు లారీ దిగలేదు. కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగాడు. అంతమంది కోచ్‌లని "వెళ్ళు వెళ్ళు" అని పంపించిన గొంతు అది. ఆ గొంతుతో మొట్టమొదటిసారి ఒకరిని ఆగమని అరిచాడు.

"ఆపండి రోయ్!"

బస్సు ఆగింది. రిక్షా ఆగింది, అరటిపళ్ళ బండి ఆగింది, రోడ్డు దాటుతున్న కుక్క కూడా ఆగి తిరిగి చూసింది.

చిన్న కోచ్ బస్సు దిగాడు. నడినెత్తిన ఎండ. రోడ్డు మీదున్న వాళ్ళందరి కాళ్ళ దగ్గరా గుండ్రంగా చిన్న నీడ ఉంది. ఆయన కాళ్ళ దగ్గర మాత్రం ఉత్త తెల్లటి నేల.

"మీరా?" అన్నాడు. "ఏమైందండీ?"

ఆమె ఆయన ముందు నిలబడింది. నోట్లోంచి ఒక సూది తీసింది. కొలతల టేపుకి గుచ్చుకుంది. ఇంకొకటి తీసింది. గుచ్చుకుంది. బస్సులోవాళ్ళందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆగాడు. ఆమె తొందరపడలేదు. చివరి సూది కూడా తీసింది. నోరు ఖాళీ అయింది. ఇక ఏ వంకా లేదు.

"మీ నీడ మా కొట్లో ఉండిపోయిందండీ."

ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తెలుసండీ. ఆ రోజు గుమ్మం దగ్గర పిలిచాను. రానంది." కోటు మీద చెయ్యి వేసుకున్నాడు. రెండో గుండీ అప్పటికే దారం మీద వేలాడుతోంది. "ఇది కూడా మళ్ళీ ఊడిపోతోంది. ఈసారి గుడ్డ తప్పో, దారం తప్పో..."

"గుడ్డదీ కాదు, దారానిదీ కాదు" అంది గుండీ.

అక్కడితో ఆపలేదు.

"నేనే. గుండీ కుట్టాక వెనక ముడి వెయ్యాలి. ఊళ్ళో అందరికీ వేస్తాను. నీకు ఒక్కసారి కూడా వెయ్యలేదు. వేస్తే మళ్ళీ రావేమోనని." నువ్వు అనేసింది. అన్నాక ఆమెకే వినపడింది. అయినా ఆ మాటని వెనక్కి తీసుకోలేదు. చెయ్యి చాచి, వేలాడుతున్న ఆ గుండీని పట్టుకుంది.

"వెళ్ళకు."